యూపీఎస్ కూత ఆపించిన రోజు

కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగానికి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్స్ ఇన్‌చార్జిగా చేసి రిటైరయ్యాను. దానికి ముందు గుంటూరులో ఒక యూపీఎస్ డీలరు దగ్గర సర్వీసు ఇంజినీరుగా ఉండి, బ్యాగు భుజాన వేసుకుని మాచర్ల దాకా బస్సుల్లో తిరిగాను. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, శాలువా ఎవరు కప్పారో ఇందులో రాయను. వాటివల్ల మీరు నేర్చుకునేదేమీ లేదు.

కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లు ఏం చేయాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకోవడం గురించి చెబుతాను. వినడానికి చిన్న పనే. మా కాలేజీలో దాన్ని నేనే ఎంచుకున్నాను, నేనే పెట్టాను. దానివల్ల ఒక మనిషికి చెడ్డపేరు వచ్చింది. ఆయన మా కాలేజీ జనరేటర్ ఆపరేటరు, పేరు యేసోబు. అసలు ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది ఆయన కోసం.

ఆ సాఫ్ట్‌వేర్ ఎందుకు

యూపీఎస్ అంటే బ్యాటరీలున్న పెట్టె. కరెంటు పోగానే ఆ బ్యాటరీల మీద కంప్యూటర్లు కాసేపు నడుస్తాయి. ఆ కాసేపట్లో జనరేటర్ అందుకోవాలి. అందుకోకపోతే బ్యాటరీ అయిపోకముందే కంప్యూటర్లను పద్ధతిగా ఆపేయాలి, లేకపోతే అందులో ఉన్న పని పాడవుతుంది. ఒకటో రెండో కంప్యూటర్లయితే మనిషే ఆపుకుంటాడు. నూరు కంప్యూటర్లున్న ల్యాబులో ఎవరూ అంత వేగంగా ఆపలేరు. అందుకే ఆ పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తాం. అది యూపీఎస్‌తో మాట్లాడుతూ ఉంటుంది. కరెంటు పోయిందని తెలియగానే మనకు కబురు పంపుతుంది, మనం పెట్టిన గడువు దాకా చూస్తుంది, ఆ తర్వాత ఒక్కొక్క కంప్యూటరునూ ఆపేస్తుంది.

కబురు ఎవరికి పంపాలి, ఎంతసేపు చూడాలి, ఏది ముందు ఆపాలి. ఈ మూడూ చెప్పాల్సింది మనమే. మనం తప్పు చెబితే అది ఆ తప్పును కూడా శ్రద్ధగా చేస్తుంది.

సుబ్బారావు గారు

నాకు పని నేర్పినవాడు గుంటూరు డీలరు దగ్గర మా మేనేజరు సుబ్బారావు గారు. కోపిష్టి మనిషి. భోజనం డబ్బా తెరిచాక ఎవరైనా సర్వీసు కాల్ గురించి మాట్లాడితే డబ్బా మూసేసి లేచిపోయేవాడు. కానీ పనిలో ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. కంపెనీవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి, తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించి, ఎన్ని గొప్పలైనా చెప్పనీ, ఆయన మాట్లాడకుండా వినేవాడు. అంతా అయ్యాక ఎవరికీ చెప్పకుండా వెళ్లి మెయిన్ కట్టేసేవాడు.

"ఇప్పుడు చూపియ్యవయ్యా నీ బొమ్మలు," అనేవాడు.

సగం మంది అక్కడే దొరికిపోయేవాళ్లు. ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన టై కట్టిన కుర్రాడు, కంప్యూటరు ఒక్కసారిగా నల్లబడిపోతే, "సార్, ఇది డెమో వెర్షన్," అన్నాడు. సుబ్బారావు గారు, "మా ఊళ్లో పోయేది డెమో కరెంటు కాదు నాయనా," అని టీ తెప్పించి తాగించి పంపాడు.

ఈ రంగంలో నాకు దొరికిన మంచి పాఠం అదొక్కటే. కొనేముందు మెయిన్ కట్టేసి చూడండి. కొన్నాక కూడా నెలకోసారి కట్టేసి చూడండి. కానీ నేను ఆ పాఠాన్ని సగమే నేర్చుకున్నాను. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

పిడుగురాళ్లలో దూది

పిడుగురాళ్లలో ఒక సున్నం కంపెనీ ఆఫీసుకి తరచూ వెళ్లేవాణ్ణి. అక్కడ బల్ల మీద, కుర్చీ మీద, టీ గ్లాసు అంచు మీద కూడా తెల్లటి పొడి ఉండేది. యూపీఎస్ లోపల చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ తెర మీద బ్యాటరీ నిండుగా ఉందని పచ్చగా చూపించేది, కరెంటు పోతే నిమిషం తిరక్కుండానే అంతా ఆరిపోయేది. బ్యాటరీలు ముసలివైపోయాయి. నిండుగా కనిపిస్తాయి గానీ కంప్యూటర్లను నడిపించే బరువు పడితే మోయలేవు. బరువు పెట్టి పరీక్ష చేసే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. అది లేని సాఫ్ట్‌వేర్ మీరు కొనకండి.

అక్కడే ఇంకోటి చూశాను. కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కూత పెడుతుంది కదా. ఆ కూత పడక వాళ్ల గుమాస్తా దాని జాలీలో దూది కుక్కాడు.

"ఏందండీ ఇది?" అన్నాను.

"చెవుల్లో పెట్టుకుంటే ఫోను ఇనపళ్లా సార్. అందుకని దాని నోట్లో పెట్టా," అన్నాడు.

ఊపిరాడక పెట్టె వేడెక్కుతోందని చెప్పి దూది పీకేశాను. గుంటూరు వెళ్లి ఆఫీసులో చెబితే అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత చాలా ఏళ్లకు నేనూ అదే పని చేశాను. నేను చేసినప్పుడు దూది అక్కర్లేకపోయింది. తెర మీద ఒక గడిలో టిక్కు పెడితే సరిపోయింది.

కాలేజీలో యేసోబు

కాలేజీలో చేరినప్పుడు జనరేటర్ దానంతటది వేసుకునే ప్యానెల్ లేదు. కరస్పాండెంట్ గారిని ఎప్పుడడిగినా, "యేసోబు ఉన్నాడుగా," అనేవారు. నిజమే, యేసోబు ఉండేవాడు. రొంపిచెర్ల దగ్గర పల్లెటూరు ఆయనది. అప్పటికే యాభై దాటిన మనిషి, నాకన్నా పెద్దవాడు. రోజూ సైకిలు మీద మెయిన్ రోడ్డుకొచ్చి, సైకిలు హోటలు దగ్గర పెట్టి, బస్సెక్కి వచ్చేవాడు. కాలేజీ వెనక రేకుల షెడ్డులో జనరేటర్, దాని పక్కన ఒక స్టూలు. ఆ షెడ్డులో ఫ్యాను లేదు, బల్బు లేదు. చాన్నాళ్లు అడిగి అడిగి మానేశాడు.

ఫ్యానూ బల్బూ లేనివాడికి కరెంటు పోయిందని ఎలా తెలియాలి? యూపీఎస్ గది కిటికీ ఆ షెడ్డు వైపు ఉండేది. కూత వినపడగానే లేచేవాడు. నేను వాచీ పెట్టుకుని చూశాను, ఎప్పుడూ నిమిషం దాటలేదు. కూతలో తేడా కూడా ఆయనకు తెలుసు.

"సార్, నిన్నటి నుంచి అది గొంతు మార్చింది. బ్యాటరీ ఏదో పోయినట్టుంది చూడండి," అన్నాడొకసారి. చూస్తే నిజంగానే ఒక బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. నాకు తెర మీద కనపడనిది ఆయన చెవికి తెలిసింది.

మా కాలేజీలో ఆన్‌లైన్ పోటీ పరీక్షలు కూడా జరిగేవి. ఉద్యోగాల కోసం మాచర్ల నుంచి, గురజాల నుంచి, కృష్ణ అవతల నుంచి కూడా పిల్లలు వచ్చి రాసేవాళ్లు. ఒకసారి పరీక్షల ఏజెన్సీ తరఫున తనిఖీకి వచ్చినాయన, యూపీఎస్ కూత ల్యాబులోకి వినిపిస్తోందని, రాసేవాళ్లకు ఇబ్బందని కాగితం మీద రాసి వెళ్లాడు. కరస్పాండెంట్ గారు నన్ను పిలిచి, "ఏమయ్యా ప్రసాదూ, ఆ గోల ఆపించు. కావాలంటే కొత్త సాఫ్ట్‌వేర్ కొందాం," అన్నారు.

మూడు రకాలు చూశాను. ఒకటి యూపీఎస్‌తో పాటు ఉచితంగా వచ్చింది. దానికి ఒక్క కంప్యూటరును ఆపడమే తెలుసు. రెండోది మొత్తం రాతలే, బొమ్మలేవీ లేవు, కష్టపడి నేర్చుకోవాలి. కానీ దానిలో ఒక మంచి ఏర్పాటు ఉంది. పంపిన కబురు అవతలికి వెళ్లకపోతే ఊరుకోదు, ఇంకో దారిలో పంపుతుంది, అదీ కుదరకపోతే యూపీఎస్ చేత కూత పెట్టిస్తుంది. మూడోది తెర మీద కాలేజీ బొమ్మంతా చూపించేది, ఫోనుకు మెసేజ్ పంపేది, కూత ఆపేది. కరస్పాండెంట్ గారికి మూడోది నచ్చింది. నాకూ అదే నచ్చిందని ఒప్పుకోవాలి. రెండోది నేర్చుకోవడానికి బద్ధకించాను. కబురు వెళ్లకపోతే ఏం చేస్తుందని మూడోదాన్ని అమ్మినవాణ్ణి నేను అడగలేదు. మీరు ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

ల్యాబు పక్కనే ఉన్న సర్వర్ గదిలో సిమ్ము వేసిన చిన్న డబ్బా పెట్టాం. మెసేజ్ దానిలోంచి వెళ్తుంది. యేసోబు ఫోను నంబరు ఎక్కించాను. బ్యాటరీలు ఎక్కువకాలం మన్నాలని కరస్పాండెంట్ గారంటే, గడువు మూడు నిమిషాలే పెట్టాను. మెసేజ్‌లో ఏం రావాలో నేనే ఇంగ్లీషులో టైపు చేశాను. యేసోబుకి ఇంగ్లీషు రాదని నాకు తెలుసు. మోగితే చాలనుకున్నాను. ఆ తర్వాత కూత గడిలో టిక్కు పెట్టి దాని నోరు నొక్కేశాను.

యేసోబుని పిలిచి చెప్పాను. ఆయన చాలాసేపు ఫోను చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"కూత తీసేస్తే నాకెట్టా తెలిసిద్ది సార్?"

"ఫోనుకి మెసేజ్ వస్తుంది యేసోబూ. అది మోగగానే జనరేటర్ వెయ్. ఇంక చెవులు రిక్కించుకుని కూర్చోవాల్సిన పని లేదు, ఫోను చూస్తూ ఉంటే చాలు."

"రెండూ ఉంచితే పోలా సార్? ఇదీ ఉండిద్ది, అదీ ఉండిద్ది."

"అక్కర్లేదు. ఇది కొత్త పద్ధతి."

ఆయన ఫోను జేబులో వేసుకుని షెడ్డుకి వెళ్లిపోయాడు. ఆ పని రోజూ చేసే మనిషి అడిగిన ప్రశ్న అది. దాన్ని నేను చదువుకోనివాడి భయం కింద కొట్టిపారేశాను.

సుబ్బారావు గారి పద్ధతిలో మెయిన్ కట్టేసి చూశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగుసార్లూ మెసేజ్ వెళ్లింది, యేసోబు లేచాడు, జనరేటర్ వచ్చింది. అన్నిసార్లూ మామూలు రోజుల్లోనే కట్టేశాను. పరీక్ష రోజున ల్యాబు దగ్గర జామర్లు పెడతారు. ఫోన్లు పనిచేయకుండా చేసే యంత్రాలవి. వాటి సంగతి నాకు తెలియనిది కాదు, ఎన్నో పరీక్షలకు చూశాను. కానీ జామరు పక్కన మా సిమ్ము డబ్బా కూడా మూగబోతుందని నా బుర్రకు తట్టలేదు. ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్నవాడికి అంత సులువైన విషయం ఎందుకు తట్టలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ ఆదివారం

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక జరిగిన మొదటి పెద్ద పరీక్ష అది. ఆదివారం. యేసోబు ప్రతి ఆదివారం వాళ్ల ఊళ్లో చర్చికి వెళ్లేవాడు. పరీక్ష ఉందంటే మానుకుని పొద్దున్నే వచ్చాడు, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని. ఏజెన్సీవాళ్లు జామర్లు పెట్టారు. పరీక్ష జరిగే పై అంతస్తులోకి వాళ్ల మనుషులు తప్ప మమ్మల్ని ఎవరినీ రానివ్వరు. నేను కింద కరస్పాండెంట్ గారి గదిలో కూర్చున్నాను.

పది గంటలు దాటాక నెత్తిమీద ఫ్యాను నెమ్మదించి ఆగింది. జనరేటర్ చప్పుడు కోసం చూశాను. ఇప్పుడు వేస్తాడు, ఇప్పుడు వేస్తాడు అనుకుంటూ టీ తాగాను. చప్పుడు రాలేదు. లేచి నడిచాను, వరండా మలుపు తిరిగాక పరిగెత్తాను. కాలేజీ చుట్టూ తిరిగి షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి రొప్పు వచ్చింది.

యేసోబు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఫోను రెండు చేతుల్తో ఒళ్లో పట్టుకుని దాని వంకే చూస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"మెసేజీ రాలా సార్," అన్నాడు.

"కరెంటు పోయింది యేసోబూ! వెయ్!"

ఆయన ఒక్క ఉదుటున వెళ్లి జనరేటర్ వేశాడు. అది మోగడం మొదలయ్యేసరికి మూడు నిమిషాలూ దాటిపోయాయి. పైన తెర మీద హెచ్చరిక వచ్చిందట, ఏజెన్సీ కుర్రాళ్లు అది పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో భాగమేమో అనుకున్నారట. నేను పెట్టిన వరస తప్పకుండా మొదటి కంప్యూటరు, రెండోది, మూడోది, చివరికి సర్వరుతో సహా అన్నీ ఆగిపోయాయి. దాని పని అది చక్కగా చేసింది. బ్యాటరీలో ఇంకా బోలెడు చార్జింగు ఉంది.

ఆ రోజు మా సెంటర్లో పరీక్ష రద్దయింది. పిల్లలు మెట్లు దిగి వస్తుంటే వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "సార్, మళ్లీ పెడతారా? నాకు వయసు అయిపోతంది సార్, ఇదే ఆఖరు," అంది. గేటు బయట వాళ్లమ్మ చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది, ఆ బిడ్డ ఈ అమ్మాయిదే. పెడతారమ్మా అన్నాను. తర్వాత వేరే ఊళ్లో పెట్టారు. ఆ అమ్మాయి వెళ్లి రాసిందో లేదో నాకు తెలియదు.

మధ్యాహ్నం ఏజెన్సీవాళ్లు జామర్లు కట్టేసి సామాను సర్దుకుంటున్నారు. యేసోబు దాదాపు పరిగెత్తుకుంటూ నా గదికి వచ్చాడు. ఫోను నా ముందుకు చాపాడు.

"సార్, ఇప్పుడొచ్చింది! ఇదిగో, ఇప్పుడు మోగింది. మీరే చూడండి."

ఆ క్షణంలోనే నాకు మొత్తం అర్థమైంది. జామరు ఆగగానే సిమ్ము డబ్బాలో ఇరుక్కుపోయిన మెసేజ్ బయటికి వచ్చింది. తప్పు ఎవరిదో నాకు తెలిసిపోయింది. నేను ఫోను అందుకోలేదు.

"తర్వాత చూద్దాంలే, పో," అన్నాను.

నేను రాసిన వాక్యం

సాయంత్రం కరస్పాండెంట్ గారు తలుపు వేసి నన్ను కూర్చోబెట్టారు. ఏజెన్సీకి రిపోర్టు ఇవ్వాలి.

"ఎవరో ఒకళ్ల పేరుండాలయ్యా. సాఫ్ట్‌వేర్ తప్పంటే మనం కొన్నదే తప్పంటారు. నీ పేరు రాస్తే నాకు ఇంకో మనిషి దొరకడు. జనరేటర్‌కి ఎవడైనా దొరుకుతాడు. అయినా నువ్వు మనోడివి, నీ మీద రాయడానికి నాకు చెయ్యెట్టా వస్తది?"

మనోడు అనే మాట మన వైపు ఎంత బరువు మోస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. నేను దాని నీడలోకి జరిగాను. కరెంటు వైఫల్యం సమయంలో జనరేటర్ ఆపరేటర్ సకాలంలో స్పందించలేదు అని రాశాను. ఆ వాక్యంలో అబద్ధం ఒక్క ముక్క లేదు. నా సర్వీసు మొత్తంలో అంతకన్నా నీచమైన పని చేయలేదు.

సాఫ్ట్‌వేర్ తను చేసిన ప్రతి పనినీ టైముతో సహా రాసుకుంటుంది, దాన్ని లాగ్ అంటాం. ఆ రోజు లాగ్ రెండు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో కరెంటు పోవడం, కంప్యూటర్లు ఆగడం ఉన్నాయి. రెండో పేజీలో మెసేజ్ వెళ్లలేదు, సర్వరు మళ్లీ లేచాక మళ్లీ ప్రయత్నం, వెళ్లలేదు అని వరసగా ఉండి, మధ్యాహ్నం వెళ్లినట్టు ఆఖరి గీత ఉంది. రిపోర్టుకు మొదటి పేజీ జతచేశాను. రెండోది నా ఫైల్లో పెట్టుకున్నాను.

సోమవారం నుంచి యేసోబుని రావద్దన్నారు. ఆయన రెండుసార్లు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడని వాచ్‌మన్ చెప్పాడు. నేను మీటింగులో ఉన్నానని చెప్పించాను. ఏ మీటింగూ లేదు. మూడోసారి ఆయన రాలేదు. నాకు ఊపిరి తీసుకున్నట్టయింది. అలా అనిపించినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ వారమే నేను కూత గడిలో టిక్కు తీసేశాను. గడువు పదిహేను నిమిషాలు చేశాను. నెల తిరక్కముందే కరస్పాండెంట్ గారు జనరేటర్‌కి ప్యానెల్ కూడా పెట్టించారు. కొత్త ఆపరేటరు కోసం షెడ్డులో ఫ్యాను, బల్బు వచ్చాయి. యేసోబు అడిగినవన్నీ యేసోబుని పంపేశాక అమరాయి.

రెండో పేజీ

రిటైరయ్యాక ఈ మధ్య బస్టాండులో మా కాలేజీ స్వీపరు కనిపించింది. అవీ ఇవీ మాట్లాడి, "యేసోబన్న చచ్చిపోయాడు సార్, రెణ్ణెల్లయింది. గుండెపోటంట," అంది. ఇంటికొచ్చి అటక మీది ఫైలు దించాను. రెండో పేజీ అలాగే ఉంది, అంచులు కాస్త పసుపెక్కాయి. ఆ రాత్రంతా దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. బతికి ఉండగా వెళ్లాల్సింది. వెళ్లలేదు.

ఆదివారం రొంపిచెర్ల బస్సెక్కాను. మెయిన్ రోడ్డు మీద దిగి, ఆటోలో వాళ్ల ఊరు చేరాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. కష్టం ఏమిటంటే, టీ కొట్టు దగ్గర యేసోబు ఇల్లు ఎక్కడని అడిగితే, అక్కడున్నాయన, "ఎవురు, నిద్ర యేసోబా?" అన్నాడు.

యేసోబు భార్య మరియమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. కుర్చీ వేసింది, చెంబుతో నీళ్లిచ్చింది. నేను ఆ నీళ్లు తాగలేకపోయాను.

"మీరు కాలేజీ సారు గదా. మీ గురించి చానా చెప్పేవోడు."

"ఏమని చెప్పేవాడమ్మా?"

"మంచోడు, కానీ పనెక్కువ, తీరిక దొరకదు అని."

కాగితం జేబులోంచి తీశాను. ఈలోపు ఆమే లోపలికి వెళ్లి, బైబిలు పక్కన పెట్టిన పాత బటన్ల ఫోను తెచ్చింది. అది వెలుగుతూ ఉంది.

"దీంట్లో ఒక మెసేజీ ఉండిద్ది సార్. చెరపొద్దు, దాన్ని సారుకి చూపియ్యాలి అని పోయిందాకా చార్జింగు పెట్టుకుంటా వచ్చాడు. నేనూ పెడతన్నా. ఏం రాసుందో చదివి చెబుతారా? మాకు ఇంగ్లీషు రాదు."

అది నేను టైపు చేసిన మెసేజే. కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ మీద ఉంది, వెంటనే జనరేటర్ వేయండి. కింద అది చేరిన టైము, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక. తెలుగులో చదివి చెప్పాను. తర్వాత రెండో పేజీ చూపించి అంతా చెప్పాను. జామరు సంగతి, కూత ఆపిన సంగతి, రిపోర్టులో నేను రాసిన వాక్యం, దాచుకున్న పేజీ. ఏదీ మిగల్చలేదు.

ఆమె ఏడవలేదు. ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఇది ఆయన ఆ రోజే మీకు చూపిచ్చానన్నాడే."

"చూపించాడమ్మా. నేను చూడలేదు."

"కాలేజీలో నిద్రపోతే తీసేశారంట అని ఊరంతా అన్నారు సార్. నిద్రపోలా అంటే ఎవురూ నమ్మలా. పెద్ద చదువులోళ్లు ఊరికే తీసేస్తారా అన్నారు. ఆదివారం దేవుడి కాడికి రాకుండా పోయి అక్కడ నిద్రపోయాడంట అని చర్చికాడ నవ్వేవోళ్లు. ఇంక అక్కడికి పోవడమే మానేశాడు. చచ్చిపోయినాక మోసుకుపోతేనే పోవడం."

అదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. రాత మీద నమ్మకం మా వృత్తివాళ్లకు ఎక్కువ.

"కాగితం నేనేం చేసుకుంటా సార్? ఆయన పేరు పోయింది నోటి మాటతో." లేచి కొంగు సర్దుకుంది. "ప్రార్థన అయిపోయే టైమయింది. రండి."

చర్చి రెండు సందుల అవతలే. మేం వెళ్లేసరికి జనం బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటున్నారు. మరియమ్మ వాళ్లలో ఒక పెద్దాయన్ని ఆపింది. "చిన్నాన్నా, ఈయన కాలేజీ సారు. మీ అందరికీ ఒక మాట చెబుతాడంట," అంది. ఒక్కొక్కరే ఆగారు. నాలుగుమాట్లు మెయిన్ కట్టేసి చూసినవాణ్ణి, వందమంది పిల్లలున్న ల్యాబులో గట్టిగా మాట్లాడినవాణ్ణి, అక్కడ చిన్న గొంతుతోనే మాట్లాడగలిగాను. తప్పు నాదని, ఆయనది కాదని చెప్పాను.

పెద్దాయన నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "అయితే మావోడు ఆ రోజు నిద్రపోలా?"

"నిద్రపోలేదండీ. నేను ఫోను చూస్తూ ఉండమన్నాను. చూస్తూనే కూర్చున్నాడు."

మరియమ్మ ఫోను గుండెకు ఆనించి పట్టుకుని, గుమ్మం దగ్గర ఇంకా గుంపుగా నిలబడి ఉన్నవాళ్ల వైపు తిరిగి చూసింది.

"మళ్లీ చెప్పండి సార్," అంది. "ఎనకున్నోళ్లకి ఇనపళ్లా."

మళ్లీ చెప్పాను.